లైసెన్సు మీది మూడో తేదీ

ఒక ఊళ్ళో ఒక కూరగాయల రైతు ఉన్నాడు. రోజూ తెల్లవారుజామున నాలుగు గంటలకే లేస్తాడు. మోపెడ్ మీద వంకాయల బస్తా వేసుకొని టౌను మార్కెట్టుకు పోతాడు. ఆయన భార్య ఈ మధ్యనే చదువు నేర్చుకుంది. కనబడిందల్లా చదువుతుంది. పొట్లం కాగితం, బస్సు బోర్డు, గోడ మీది రాతలు, ఏదీ వదలదు.

2025 ఫిబ్రవరిలో ఒకరోజు ఆమె భర్త చొక్కా ఉతకబోయింది. జేబులో డ్రైవింగు లైసెన్సు దొరికింది. దాని మీద ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు. అవి ఆమెకు రావు. కానీ అంకెలు వచ్చు కదా! మూడు తేదీలు కనబడ్డాయి. 1974 ఆయన పుట్టిన ఏడు. 2012 లైసెన్సు తీసుకున్న ఏడు. మూడో తేదీలో 2024 జూన్ అని ఉంది.

"ఏమయ్యా, దీని గడువు పోయిన జూన్‌లోనే అయిపోయింది గదా!" అంది.

"ఇరవై ఏళ్ళకు ఇచ్చార్లేవే. ఇంకా చాలా ఉంది" అన్నాడు ఆయన.

ఆ మాటలో సగమే నిజం. అప్పట్లో లైసెన్సు 20 ఏళ్ళకు ఇచ్చేవారు, లేదా మనిషికి 50 ఏళ్ళు నిండేదాకా ఇచ్చేవారు. రెండింటిలో ఏది ముందొస్తే అదే గడువు. ఆయనకు 2024 జూన్‌లో 50 నిండాయి. అంటే ఎనిమిది నెలలుగా చెల్లని లైసెన్సుతో బండి నడుపుతున్నాడు.

ఇది చిన్న సంగతి కాదు. పట్టుబడితే చట్టంలో 5000 రూపాయల జరిమానా ఉంది. జైలు కూడా వేయవచ్చు. దారిలో ఎవరికైనా దెబ్బ తగిలితే ఇంకా కష్టం. బీమా కంపెనీ వాళ్ళకు డబ్బు కట్టినా, తర్వాత దాన్ని మన దగ్గరే వసూలు చేసుకోవచ్చు. అప్పుడు పొలం అమ్ముకోవాల్సి రావచ్చు.

అయితే ఆయనకు ఇంకా దారి ఉంది. గడువుకు ఏడాది ముందు నుంచి, గడువు దాటాక ఏడాది లోపల ఎప్పుడైనా రెన్యువల్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఏడాది దాటితే మాత్రం మళ్ళీ బండి నడిపి పరీక్ష పాసు కావాలి. అలాగని ఆ ఏడాదిలో పాత లైసెన్సు చెల్లుతుందని కాదు. 2019లో చట్టం మారక ముందు గడువు తర్వాత 30 రోజులు చెల్లేది. ఆ మార్పుతో అదీ పోయింది.

40 ఏళ్ళు నిండినవాళ్ళు డాక్టరు సర్టిఫికెట్టు కూడా పెట్టాలి. ఇది ఎందుకో తెలుసా? వయసు పెరిగే కొద్దీ చూపు మందగిస్తుంది. అది నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి మనకే తెలియదు. ఎదుటి లారీ లైటు పడితే కాసేపు ఏమీ కనబడదు. పగటి వెలుగులో 25 మీటర్ల దూరం నుంచి, అంటే సుమారు 82 అడుగుల నుంచి, కారు నంబరు చదవగలగాలి. కళ్ళజోడు పెట్టుకొని చదివినా ఫరవాలేదు. హారను చెవికి వినబడాలి. మూర్ఛలు, రేచీకటి ఉంటే దాచకూడదు. డబ్బులిచ్చి సర్టిఫికెట్టు రాయించుకుంటే కాగితం వస్తుంది గానీ చూపు రాదు.

ఆ రైతుకు నంబరు సరిగా కనబడలేదు. కళ్ళజోడు వేయించుకున్నాకే డాక్టరు సంతకం పెట్టాడు. తర్వాత కంప్యూటరు సెంటరులో దరఖాస్తు పెట్టారు. పాత లైసెన్సు, ఆధార్ కార్డు పట్టుకొని ఇద్దరూ రవాణా ఆఫీసుకు వెళ్ళారు. బ్రోకరు దగ్గరికి పోలేదు. కట్టిన డబ్బుకు రసీదు అడిగి తీసుకున్నారు.

స్కూటీ నడిపే అక్కచెల్లెళ్ళు తమ లెక్క కూడా చూసుకోవాలి. 30 ఏళ్ళ లోపు తీసుకుంటే 40 నిండేదాకా చెల్లుతుంది. 30 నిండి 50 లోపు ఉంటే పదేళ్ళు. 50 నిండి 55 లోపు ఉంటే 60 నిండేదాకా. 55 నిండాక అయిదేళ్ళకొకసారి. ఆటో, లారీ నడపడానికిచ్చే లైసెన్సు లెక్క వేరు. అది ఏ వయసులోనైనా అయిదేళ్ళే. ఇన్నేళ్ళు దాటితే సొంత బండి నడపకూడదని చట్టంలో లేదు.

ఆ రైతుకు కొత్త లైసెన్సు వచ్చింది. మూడో తేదీ 2034 జూన్ అని ఆమే చదివి చెప్పింది.