స్కేలు – ఒక మాట, పలు కొలతలు: విస్తరణ రచనలో క్రియల ఎంపిక

వ్యవసాయ విస్తరణ రంగంలో ఆంగ్లం నుండి వచ్చి తెలుగులో స్థిరపడిన మాటలలో ‘స్కేలు’ ఒకటి. బడిపిల్లల చేతిలోని బద్ద స్కేలు, ఉద్యోగి జీతపు శ్రేణి స్కేలు, పటం అంచున గీసిన గీత స్కేలు. ధాన్యం తూచే యంత్రం, తెగులు తీవ్రతకు ఇచ్చే అంకె, రైతు వైఖరిని అంచనా వేసే ప్రశ్నావళి, చివరకు చెరకు గడను అంటిపెట్టుకొని ఉండే పురుగు కూడా ఆంగ్ల వ్యాసంలో ఇదే మాటతో కనిపిస్తాయి. తెలుగులో వీటన్నింటికీ ఒకే పేరు లేదు, ఒకే క్రియ అసలే లేదు. పరిశోధన ఫలితం రైతుకు చేరే దారిలో పేరు తప్పితే వెంటనే తెలిసిపోతుంది. క్రియ తప్పితే మాత్రం ఎవరి దృష్టికీ రాకుండా మోతాదో, దిగుబడి లెక్కో మారిపోతుంది.

నిజానికి ఆంగ్లంలోనూ ఇది ఒక మాట కాదు, ఒకే రూపం దాల్చిన మూడు మాటలు. త్రాసు అనే అర్థం ప్రాచీన స్కాండినేవియా భాషలో గిన్నెను తెలిపే ‘స్కాల్’ నుండి వచ్చింది. త్రాసు పళ్ళెమే ఆ గిన్నె. చేప పొలుసు అనే అర్థం ప్రాచీన ఫ్రెంచిలో చిప్పను, పెంకును తెలిపే మాట నుండి వచ్చింది. ఈ రెండూ మూలంలో దూరపు చుట్టాలు. మూడవది వేరే వంశం: లాటిన్‌లో ‘స్కాలా’ అంటే నిచ్చెన. మెట్లుమెట్లుగా ఎక్కే ప్రతి కొలమానమూ, అనగా పటం స్కేలు, జీతం స్కేలు, ఉష్ణమాపకం మీది గీతలు, వైఖరి మాపని, ఈ నిచ్చెన సంతతే. కాబట్టి అనువాదకుడు ముందుగా తేల్చుకోవలసినది తన ఎదుట ఉన్నది గిన్నెయా, చిప్పయా, నిచ్చెనయా అన్నది.

చిప్ప విషయం త్వరగా ముగించవచ్చు. పొలుసు పురుగులకు ఆ పేరు రావడానికి కారణం వాటి శరీరాన్ని కప్పి ఉంచే మైనపు పొర. గుడ్ల నుండి వెలువడిన పిల్ల పురుగులు మాత్రమే పాకుతాయి. అనువైన చోటు దొరకగానే నోటిభాగాలను మొక్కలోకి గుచ్చి స్థిరపడి, పైన పొలుసును నిర్మించుకొంటాయి. లక్కను ఇచ్చే పురుగు కూడా ఈ జాతికి దగ్గరిదే కావడం విశేషం. ఇక్కడ సరైన క్రియలు ‘పాకు’, ‘అంటిపెట్టుకొను’ అన్నవి. పొలుసు ఏర్పడిన తరువాత తాకిడి మందు లోపలి పురుగును సులభంగా చేరదు గనుక, కరపత్రంలో ‘పురుగు కనిపించగానే’ అని వ్రాయడం కంటే ‘పిల్ల పురుగులు పాకే దశలో’ అని వ్రాయడం ఎంతో మేలు. చెరకులో ఎండుటాకులను ఒలిచి తీయమని చెప్పడంలోని ఉద్దేశం కూడా ఆకు తొడిమ చాటున స్థిరపడిన పురుగును బయటపెట్టడమే.

తూచడం, కొలవడం

గిన్నె విషయం అంత తేలిక కాదు. ఆంగ్లంలో బరువుకూ, పొడవుకూ, ఘనపరిమాణానికీ కలిపి ఒకే సామాన్య క్రియ వాడే వీలుంది. తెలుగు రైతు ఈ విభజనను క్రియలోనే చేసుకొన్నాడు. బరువు ‘తూస్తారు’, పొడవు, వైశాల్యం, పాత్రతో పట్టే పరిమాణం ‘కొలుస్తారు’. తెలంగాణలో బరువు చూడడాన్ని ‘జోకడం’ అంటారు. మార్కెట్ యార్డులలో ‘కాటా వేయడం’ రెండు రాష్ట్రాలలోనూ వినిపిస్తుంది. ప్రభుత్వ శాఖ పేరులో సైతం ‘తూనికలు’, ‘కొలతలు’ విడివిడిగానే ఉన్నాయి. ‘కొలుచు’ అనే క్రియకు సేవించు, పూజించు అనే అర్థం కూడా ఉన్నా, పొలంలో దానితో చిక్కు రాదు.

చిక్కు వచ్చేది పొడి మందుల దగ్గర. సిఫారసు గ్రాములలో ఉంటుంది, రైతు చేతిలో ఉన్నది సీసా మూతో చెంచానో. ద్రవరూప మందును మూతతో కొలవడం సమంజసమే, ఎందుకంటే సిఫారసు కూడా మిల్లీలీటర్లలోనే ఉంటుంది. పొడి మందును అదే మూతతో కొలిస్తే, మందు సాంద్రతను బట్టి ప్రతిసారీ వేరే బరువు పడుతుంది. కాబట్టి ‘లీటరు నీటికి 2 గ్రాములు కలపాలి’ అనే వాక్యంలో ‘తూచి’ అనే ఒక్క మాట అదనంగా చేర్చడం అలంకారం కాదు. వేరుశనగ విత్తనం విషయంలోనూ ఇదే సమస్య: కాయలను కుంచంతో కొలవడం వేరు, గింజలను తూచడం వేరు. విత్తన మోతాదు ఏ రూపానికి చెప్పారో వాక్యంలో లేకపోతే రైతు తనకు అలవాటైన క్రియనే ఎంచుకొంటాడు.

దేశంలో మెట్రిక్ కొలతలకు చట్టబద్ధత 1956లో వచ్చినా, పాత కొలతలు మాటలలో మిగిలే ఉన్నాయి. నెల్లూరు ప్రాంతంలో ధాన్యం పుట్టి అంటే 850 కిలోలు. కోస్తా జిల్లాలలో దిగుబడిని బస్తాలలో చెబుతారు. బస్తా 75 కిలోలన్నది వాడుక. ‘ఎకరాకు 30 బస్తాలు’ అన్న రైతు మాటను ఆ లెక్కన నమోదు చేస్తే 22.5 క్వింటాళ్ళు అవుతుంది. బస్తా బరువు అడగకుండా నమోదు చేసిన దిగుబడి దిగుబడే కాదు. నేల కొలతలోనూ ప్రాంతభేదం ఉన్నది. ఆంధ్ర ప్రాంతంలో సెంట్లు, తెలంగాణలో గుంటలు. ఎకరానికి 100 సెంట్లు లేదా 40 గుంటలు గనుక, గుంట రెండున్నర సెంట్లకు సమానం. ఒక రాష్ట్రంలో అచ్చైన కరపత్రం రెండవ రాష్ట్రంలో పంచేటప్పుడు ఈ భాగాహారం రైతుకు వదిలివేయరాదు.

ప్రయోగ క్షేత్రంలో తూకపు తప్పు ఎంత దూరం పోతుందో విద్యార్థులు లెక్కగట్టి చూడవచ్చు. 20 చదరపు మీటర్ల మడి దిగుబడిని హెక్టారుకు మార్చాలంటే 500తో హెచ్చించాలి. మడి దగ్గర 200 గ్రాములు అటూఇటూ అయితే కాగితం మీద హెక్టారుకు క్వింటాలు తేడా వస్తుంది.

నిచ్చెన మెట్లు

పటాలలో స్కేలు తలకిందులుగా తోస్తుంది. పెద్ద స్కేలు పటం అంటే పెద్ద ప్రాంతాన్ని చూపేది కాదు, చిన్న ప్రాంతాన్ని వివరంగా చూపేది. మైలుకు పదహారు అంగుళాల గ్రామపటం మీద చతురస్రాకారపు ఎకరం భుజం ఒకటిన్నర సెంటీమీటర్లకు మించి ఉంటుంది. 1:50,000 స్థలాకృతి పటం మీద అదే ఎకరం మిల్లీమీటరుకు కొంచెం పైగా ఉండే చుక్క. అంత చిన్న చుక్క మీద నేలల రకాన్ని గుర్తించి ఒక్కొక్క కమతానికి ఎరువుల సిఫారసు చేయబూనడం సాహసమే.

అంకెల నిచ్చెనలలో మెట్ల మధ్య దూరం సమానంగా ఉండదన్న సంగతిని అధ్యయనాలు తరచు మరచిపోతాయి. ఉదజని సూచిక 8 నుండి 9కి పెరిగితే క్షారత ఒక అంకె పెరిగినట్లు కనిపిస్తుంది; ఉదజని అయానుల గాఢత మాత్రం పదో వంతుకు పడిపోతుంది. వరిలో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ రూపొందించిన ప్రామాణిక మూల్యాంకన పద్ధతి ప్రకారం బాక్టీరియా ఎండాకు తెగులుకు పొలంలో ఇచ్చే స్కోరు 3 అంటే 6 నుండి 12 శాతం ఆకు విస్తీర్ణం దెబ్బతిన్నదని అర్థం. స్కోరు 9 అంటే 51 శాతం పైబడి. అంకెలలో మూడు రెట్లు, నష్టంలో అంతకు మించి. ఎస్.ఎస్. స్టీవెన్స్ 1946లో మాపనులను నామమాత్రపు, క్రమసూచక, అంతరాల, నిష్పత్తి మాపనులుగా విభజించిన తరువాత ఈ సంగతి పాఠ్యాంశమైంది. తెగులు స్కోరు క్రమసూచకం. అందువల్ల స్కోరును ‘ఇస్తారు’, శాతాన్ని ‘లెక్కిస్తారు’. ‘స్కోరును కొలిచారు’ అని వ్రాయడం భాషాదోషమే కాక పద్ధతి దోషాన్ని కూడా కప్పిపుచ్చుతుంది.

విస్తరణ విద్యార్థికి అన్నింటికంటే కష్టమైన నిచ్చెన వైఖరి మాపని. రెన్సిస్ లికర్ట్ 1932లో ప్రతిపాదించిన పద్ధతిలో ఒక వాక్యానికి అంగీకారం ఏ స్థాయిలో ఉన్నదో సాధారణంగా ఐదు మెట్లలో అడుగుతారు. సమాధానాలు మూసధోరణిలో రాకుండా కొన్ని వాక్యాలను వ్యతిరేకార్థంలో వ్రాసి, వాటి మార్కులను తిరగవేస్తారు. ఆంగ్లంలో ఇది సాఫీగా సాగవచ్చు. తెలుగులో ఇక్కడే గొయ్యి ఉన్నది.

‘వేపపిండి వల్ల ప్రయోజనం లేదు’ అన్న వాక్యం చదివి వినిపిస్తే రైతు ‘లేదు’ అంటాడు. తెలుగు సంభాషణలో ఇది ఆ వాక్యంతో ఏకీభావం. లేదన్న మాటను లేదని ధ్రువపరచడం. ప్రశ్నావళి పట్టుకొన్న గణకుడికి ‘లేదు’ అనేది అనంగీకారంగా వినిపిస్తే, మార్కు తిరగవేసిన తరువాత వేపపిండిని నమ్మని రైతు దానిపై గట్టి నమ్మకం ఉన్నవాడుగా నమోదవుతాడు. ఇటువంటి వాక్యాలు నాలుగైదు ఉన్న మాపనిలో రైతు మొత్తం మార్కు అర్థం కోల్పోతుంది. విశ్వసనీయత గుణకం తగ్గినప్పుడు తప్పు రైతు అవగాహనదని వ్రాయడం తేలిక. వాక్యాన్ని తిరిగి చూడడమే న్యాయం.

దీనికి మార్గం వ్యతిరేక వాక్యాలను తొలగించడం కాదు, వాటిని ‘లేదు’, ‘కాదు’, ‘కూడదు’ లేకుండా వ్రాయడం. ‘వేపపిండికి పెట్టిన ఖర్చు వృథా’ అంటే అర్థం వ్యతిరేకమే, వ్యాకరణం మాత్రం కాదు. ‘వృథానే’ అని రైతు అంటే సందేహానికి తావుండదు. అలాగే సమాధానాన్ని అవును, లేదు అనే మాటలతో కాక, ‘ఈ మాట ఒప్పుకుంటాను’, ‘ఈ మాట ఒప్పుకోను’ అని పూర్తి వాక్యంగా చెప్పించి గుర్తు పెట్టుకోవాలి.

నడిమి మెట్టుకు ‘పరవాలేదు’ అన్న మాటను వాడే అలవాటు ఒకటి కనిపిస్తుంది. ఇది తటస్థత కాదు. ‘పంట ఎలా ఉంది?’ అంటే ‘పరవాలేదు’ అనే రైతు ఎక్కువసార్లు బాగానే ఉన్నదని చెబుతున్నాడు. కొన్నిసార్లు మొహమాటంతో బాధను దాస్తున్నాడు. తటస్థ స్థానానికి ‘ఇటూ చెప్పలేను, అటూ చెప్పలేను’ అన్న మాట పొడవైనదైనా సరైనది. ‘తెలియదు’ అన్న సమాధానానికి వేరే గడి ఉంచాలి. దానికి 3 మార్కులు వేయరాదు.