తెగితేనే మెరుపు

పెట్రోలు కారు ఇంజను నడవాలంటే ఏం కావాలి? పెట్రోలు, గాలి అని మీరు వెంటనే చెబుతారు. సరే, ఆ రెండూ సిలిండరులోకి వెళ్లాయి. పిస్టను వాటిని అదిమిపెట్టింది. ఇక అదను చూసి ఒక నిప్పురవ్వ పుట్టాలి. అది పుట్టకపోతే ట్యాంకు నిండా పెట్రోలున్నా కారు కదలదు.

1996 మే నెలలో ఒక ఉదయం కరీంనగర్‌లో మాకు అదే జరిగింది. నా మిత్రుడి తమ్ముడి పెళ్లి. ముహూర్తం 11 గంటలకు మంచిర్యాలలో. (మంచిర్యాల 2016లో వేరే జిల్లా అయింది కాని, అప్పట్లో ఆదిలాబాదు జిల్లాలోనిదే.) పెళ్లికొడుకు ఎక్కవలసిన పాత అంబాసిడర్ కారును ముందురోజే ఒక షెడ్డులో బాగు చేయించారు. అరిగిపోయిన 'పాయింట్లు' తీసి కొత్తవి వేశారు. తెల్లవారి చూస్తే ఇంజను గిర్రున తిరుగుతుంది, అంటుకోదు! "కాయిల్ కాలిపోయింది, కొత్తది కొనాలి" అన్నారొకరు. "ప్లగ్గులు మార్చాలి" అన్నారింకొకరు. మా మిత్రుడు డబ్బులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. అంతలో ఎవరో వీధి చివరి నుంచి ఒక ముసలి ఉస్తాద్‌ను పిలుచుకొచ్చారు. మెకానిక్కును మా వైపు ఉస్తాద్ అంటారు.

"ఏం కొనకుర్రి సారూ, ముందుగాల చూద్దాం" అన్నాడాయన.

ఆయన చేసింది అర్థం కావాలంటే కాయిల్ సంగతి కొంచెం తెలియాలి. బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులే. ప్లగ్గు కొనల మధ్య సందు సుమారు 0.6 మిల్లీమీటర్లు. అదిమిన గాలిలో అంత చిన్న సందును దాటాలన్నా విద్యుత్తుకు వేల వోల్టులు కావాలి. ఆ పెంచే పని కాయిల్‌ది. ఇందులో ఇనుప కడ్డీ చుట్టూ రెండు తీగచుట్టలుంటాయి. ప్రాథమిక చుట్టలో లావు తీగ, కొన్ని వందల చుట్లు. గౌణ చుట్టలో సన్నని తీగ, ఇరవై వేల చుట్ల దాకా. బ్యాటరీ విద్యుత్తు ప్రాథమిక చుట్టలో పారుతున్నంతసేపూ కడ్డీ అయస్కాంతంగా ఉంటుంది, అంతే. ప్లగ్గు దగ్గర ఏమీ జరగదు.

తరగతిలో చేసిన గాల్వనామీటరు ప్రయోగం గుర్తు తెచ్చుకోండి. తీగచుట్టలో అయస్కాంతాన్ని కదలకుండా ఉంచితే ముల్లు కదలదు. అయస్కాంతాన్ని లోపలికో బయటికో కదిపితేనే ముల్లు ఊగుతుంది. 1831లో ఫారడే కనుగొన్నది ఇదే. అయస్కాంత క్షేత్రం మారాలి. ఎంత వేగంగా మారితే అన్ని ఎక్కువ వోల్టులు. కారులో అయస్కాంతాన్ని కదపడానికి బదులు విద్యుత్తును టక్కున తెంపుతారు. తెంపేవే పాయింట్లు. డిస్ట్రిబ్యూటరులో తిరిగే ఇరుసు ఆ రెండు లోహపు బిళ్లలను 0.4 మిల్లీమీటర్ల మేర విడదీస్తుంది. ఆ క్షణాన క్షేత్రం కూలిపోయి, గౌణ చుట్టలో పది పదిహేను వేల వోల్టులు పుడతాయి. పక్కనుండే కండెన్సరు పాయింట్ల మధ్యనే మెరుపు రాకుండా కాస్తుంది. 1910 ప్రాంతంలో అమెరికా ఇంజనీరు చార్లెస్ కెటరింగ్ కార్లలోకి తెచ్చిన పద్ధతి ఇది.

ఇక ఉస్తాద్ దగ్గరికి వద్దాం. కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటరు మూతకు పోయే లావు తీగను పీకి, పిడికి రబ్బరు తొడిగిన పటకారుతో దాని కొసను ఇంజను ఇనుముకు దగ్గరగా పట్టాడు. (మీరు మాత్రం ఈ పని చేయవద్దు. షాకు గట్టిగా కొడుతుంది, పైగా పక్కన పెట్రోలు ఉంటుంది.) ఆయన శిష్యుడు హ్యాండిలు వేసి ఇంజను తిప్పాడు. మెరుపు లేదు. ఆ ఒక్క పరీక్షతో ప్లగ్గుల మీది అనుమానం పోయింది. తప్పు అంతకు ముందే ఎక్కడో ఉంది.

తరువాత రెండు తీగలున్న చిన్న 12 వోల్టుల బల్బు తీశాడు. ఒక తీగ కారు బాడీకి, రెండోది కాయిల్‌కు బ్యాటరీ వైపున్న కొసకు తాకించాడు. వెలిగింది. విద్యుత్తు కాయిల్ దాకా వస్తున్నదన్నమాట. ఇప్పుడు రెండో తీగను డిస్ట్రిబ్యూటరు వైపు కొసకు మార్చాడు. ఇంజను తిప్పుతుంటే పాయింట్లు విడినప్పుడల్లా బల్బు వెలగాలి, కలిసినప్పుడల్లా ఆరాలి. అసలు వెలగలేదు! కాయిల్ తెగిందా? ఆ కొస నుంచి డిస్ట్రిబ్యూటరుకు పోయే సన్న తీగను ఊడదీశాడు. బల్బు వెలిగింది. కాయిల్ లోపల దారి బాగానే ఉంది. ఊడదీసిన తీగ అవతలే ఎక్కడో విద్యుత్తు బాడీలోకి కారిపోతున్నది.

మూత తీశాడు. పాయింట్ల స్ప్రింగును బిగించే మేకు దగ్గర విద్యుద్బంధకమైన చిన్న ఫైబరు వాచరు ఉండాలి. అది లేదు. కొత్త పాయింట్లు బిగించినవాళ్లు దాన్ని మరిచిపోయారు. స్ప్రింగు నేరుగా బాడీకి తాకుతున్నది. పాయింట్లు విడిపోతున్నా విద్యుత్తు తెగడం లేదు. తెగనిదే మెరుపు ఎక్కడిది?

"గీ వాచరు కోసం కాయిల్ కొంటుంటిరి" అని నవ్వి, తన డబ్బాలోంచి ఒకటి తీసి వేశాడు. మొదటి తిప్పుకే ఇంజను అంటుకుంది. అప్పటికి 8 గంటలు.

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఇప్పటి పెట్రోలు కార్లలో పాయింట్లు లేవు, వాటి పని ట్రాన్సిస్టరు చేస్తుంది. అయితే అదీ చేసేది విద్యుత్తును తెంపడమే.

ఆ రోజు పెద్దపల్లి, రామగుండం మీదుగా గోదావరి వంతెన దాటి మంచిర్యాల చేరడానికి మాకు రెండు గంటలు పట్టింది. నాలుగు సిలిండర్ల ఇంజను ఒక చుట్టు తిరిగితే రెండు మెరుపులు కావాలి. ఇంజను నిమిషానికి 2,500 చుట్లు తిరిగిందనుకోండి. పెళ్లికొడుకును పీటల మీదికి చేర్చడానికి ఎన్ని మెరుపులు పట్టాయో లెక్కకట్టండి.