గ్లాసు, కప్పు, జాడీ

ఇంగ్లీషునుండి స్పానిషులోనికి అనువదించువానికి కావ్యములకంటె వంటయింటి పాత్రలే హెచ్చు చిక్కు కలిగించును. ఇంగ్లీషులో ‘గ్లాస్’ అన్నచో గాజు అను పదార్థమైనను కావచ్చును, త్రాగెడు పాత్రయైనను కావచ్చును. స్పానిషువారికి ఈ రెండును వేఱు. పదార్థము ‘విద్రియో’, నీరు త్రాగు పాత్ర ‘వాసో’. ప్లాస్టిక్కుతో చేసినదైనను అది ‘వాసో’యే. తెలుగు విద్యార్థికి ఇది కష్టము కారాదు; మనమును ఇంగ్లీషు మాటను తెచ్చుకొని, గాజు సంగతి మఱచి, ‘స్టీలు గ్లాసు’ అనుచున్నాము కదా! అయితే ఆ పాత్ర సన్నని కాడపై నిలిచి, అందు ద్రాక్షాసవము పోయుదురేని, అది ‘వాసో’ కాదు, ‘కోపా’.

ఈ ‘కోపా’ను చూచి ఇంగ్లీషు ‘కప్’ అని పొరబడుట సులభము. రెండింటికిని లాటిను మూలమొక్కటే యగుటచే ఆ పొరపాటు క్షమింపదగినదే. కాని కాఫీ పోయు కప్పు ‘తాసా’. అది అరబ్బీనుండి వచ్చిన మాట. ఆటలో గెలిచినవారికిచ్చెడు కప్పు మాత్రము ‘కోపా’. దక్షిణ అమెరికా ఫుట్‌బాల్ పోటీకి 1975 నుండి ‘కోపా అమెరికా’ అనియే పేరు.

‘జార్’ మఱింత వంచకమైనది. దానికిని స్పానిషు ‘హార్రా’కును అరబ్బీయే మూలము, రోమను లిపిలో రెండును ఒకే అక్షరముతో మొదలగును. కాని హార్రాకు పిడి యుండును. అందుండి నీరో పాలో వంపుకొందురు. మూతపెట్టి పదార్థములు నిలువచేయునది ‘తార్రో’. నిఘంటువు మాటలను వరుసగా నిచ్చునే కాని పిడిని చూపదు. పండ్ల మురబ్బా ‘హార్రా’లో నున్నదని వ్రాసినచో, స్పానిషు పాఠకునికి అది మనలో నెవరో ఆవకాయను జాడీకి బదులు కూజాలో పెట్టినట్లు తోచును.