సంఘపు పాత కంప్యూటర్లు: మార్చుటయా, బాగుచేయుటయా?

యాసంగి నాట్ల దినములలో బావి మోటారు కాలినచో మన రైతు క్రొత్త మోటారు కొనుటకు పరుగెత్తడు. దానిని పైకి దీయించి, తొర్రూరు బజారునకు జేర్చి, వైండింగు చేయించి, అవసరమైనచో బేరింగులు మార్పించి, మరల దింపించును. కాలినది రాగి తీగయే గాని యినుప గుల్ల గాదని యాతనికి తెలియును. ఇట్టి వివేకము గల రైతులే సభ్యులుగా నుండు సహకార సంఘములలో, కంప్యూటరు కొంచెము నెమ్మదించినంతనే "పాతబడినది గనుక మార్చవలెను" అని తీర్మానము వ్రాయుట మాకు వింతగా దోచును. కొనునది పాలకవర్గమే యైనను సొమ్ము సభ్యులది; వాటాధనము నుండియు, అప్పులపై వడ్డీ నుండియు సమకూరినది. అందుచేత నీ సంగతి ప్రతి సభ్యునకును సంబంధించినదని తలచి యిచట కొంత వివరముగా వ్రాయుచున్నాము.

కంప్యూటరు పాతబడుట వేరు. దానిపై నడుచు సాఫ్టువేరు అడుగు యోగ్యత పెరుగుట వేరు. ఎడ్లబండికి పదేండ్లలో ఇరుసు అరుగును, చక్రపు టాకులు వదులగును. కంప్యూటరులోని ప్రాసెసరునకు అట్టి యరుగుదల దాదాపు లేదు. 2012లో నెంత వేగముగా లెక్క కట్టెనో నేడును అంత వేగముగానే కట్టును. మారినది దానికి జెప్పబడు పని. మైక్రోసాఫ్టు కంపెనీవారి విండోస్ ఎక్స్.పి.కి 2014 ఏప్రిల్ 8 తోను, విండోస్ 7కు 2020 జనవరి 14 తోను, విండోస్ 10కి 2025 అక్టోబరు 14 తోను సాధారణ రక్షణ సవరణలు నిలిచినవి. 2021 అక్టోబరు 5న వెలువడిన విండోస్ 11 తన్ను మోయు యంత్రమునకు 4 జి.బి. ర్యాము, 64 జి.బి. నిల్వస్థలము, టి.పి.ఎం. 2.0 అను రక్షణపు టేర్పాటు, కంపెనీవారి పట్టికలో నున్న ప్రాసెసరు ఉండవలెనని నియమించినది. ఇంటెల్ కంపెనీ ప్రాసెసర్లలో, స్వల్పమైన మినహాయింపులు దప్ప, ఎనిమిదవ తరమునకు ముందువి యా పట్టికలో లేవు. ఎనిమిదవ తరము 2017 ఉత్తరార్ధమున గాని బజారునకు రాలేదు.

మన మహబూబాబాదు జిల్లా 2016 అక్టోబరు 11న నేర్పడినది. ఆ దినమున క్రొత్తగా అట్టపెట్టె విప్పి బల్లపై నుంచిన కంప్యూటరు సయితము ఈ పట్టిక ప్రకారము అనర్హమే. జిల్లాకు బాల్యము తీరకమునుపే దానితో పుట్టిన కంప్యూటరు వృద్ధాప్యపు పింఛనుకు అర్హత సంపాదించినదన్నమాట!

"అయినచో నేమి, నడిచినన్నాళ్లు నడుపుదము" అనువారును గలరు. ఇది మొదటి పొరపాటుకంటె హానికరము. 2017 మే నెలలో వానాక్రై అను దుష్ట సాఫ్టువేరు లోకమంతట వ్యాపించి, కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళమువేసి, తీయుటకు సొమ్మడిగినది. ఇంగ్లండు దేశపు ఆసుపత్రులును, మన పొరుగున ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖవారి కంప్యూటర్లు కొన్నియు దాని వాత బడినవి. అది చొచ్చిన రంధ్రమును పూడ్చు సవరణను కంపెనీవారు రెండు నెలలు ముందుగానే, మార్చి 14న, విడుదల చేసియుండిరి. కాలము తీరిన ఎక్స్.పి.కి మాత్రము ఉపద్రవము వచ్చిన పిమ్మటనే యది అందరికిని అందినది. గట్టు తెగిన తరువాత మట్టి వేసినట్లు. సంఘపు కంప్యూటరులో సభ్యుల ఆధారు సంఖ్యలు, పాసుపుస్తకముల వివరములు, అప్పుల ఖాతాలు ఉండును. అట్టిదానిని సవరణలు లేని విండోసుతో ఇంటర్నెట్టునకు తగిలించి యుంచుట తగదు. విండోస్ 10కి డబ్బు చెల్లించి సవరణలు పొందు మార్గమును కంపెనీవారు సంస్థలకు జూపిరి. ఒక్కొక్క కంప్యూటరునకు తొలియేట 61 డాలర్లు, పిదప నేటేట రెట్టింపు, మూడేండ్లకు మించి లేదు. లెక్కించినచో మూడేండ్లకు 427 డాలర్లగును. ఆ సొమ్ముతో నొక మోస్తరు క్రొత్త కంప్యూటరే వచ్చును గనుక దీనిని మేము సిఫారసు చేయజాలము.

ఇక బాగుచేయు విధము. మొదట మూత విప్పవలెను. పత్తి నూగు, మిర్చి దుమ్ము, ధాన్యపు కాంటాలయొద్ద లేచు పొట్టు సంఘపు గదిలోనికి రాక మానవు. అవి ఫ్యానులో పేరుకొని గాలి యాడనీయవు. ప్రాసెసరు వేడెక్కి, తన్ను గాపాడుకొనుటకు తానే వేగము తగ్గించుకొనును. "పాతబడినది" అని మనము పేరుపెట్టినది అనేక పర్యాయములు ఈ దుమ్మే. కరెంటు తీసి, మెత్తని కుంచెతో దులిపి, ప్రాసెసరుపై నెండిన పేస్టును తుడిచి క్రొత్తది రాయించినచో సగము రోగము కుదురును.

తరువాత హార్డు డిస్కు. లోపల పళ్లెములు తిరుగు పాత డిస్కును తీసి, కదలిక లేని ఎస్.ఎస్.డి. వేయించుట కంటె పాత కంప్యూటరుపై పెట్టు రూపాయికి మంచి ఫలము మరి యెందును లేదని మా యభిప్రాయము. నిమిషములకొలది ఎదురుచూచిన యంత్రము సెకండ్లలో సిద్ధమగును. వీలున్నచో ర్యామును 8 జి.బి.కి పెంచవలెను. పాతవానిలో డి.డి.ఆర్. 3, తరువాతివానిలో డి.డి.ఆర్. 4 రకముండును, ఒకదాని గాడిలో మరియొకటి పట్టదు. కావున బజారునకు పోవువారు పాత ముక్కను వెంట దీసికొనిపోవుట మేలు.

చిన్నదైనను చెప్పదగినది మరొకటి యున్నది. మదర్‌బోర్డుపై నాణెమంత బ్యాటరీ బిళ్ళ, సి.ఆర్. 2032 అనునది, గడియారమును నడుపును. ఆ బిళ్ళ అయిపోయినచో కరెంటు పోయినప్పుడెల్ల కంప్యూటరు తేదీని మరచి యెన్నడో గడచిన సంవత్సరమును జూపును. వెబ్‌సైట్లు తమ గుర్తింపునకు జూపు ధ్రువపత్రములకు ఆరంభపు తేదీ, గడువు తేదీ యుండును. గడియారము తప్పినచో బ్రౌజరు ఆ పత్రము చెల్లదని యెంచి లోనికి పోనీయదు. కొద్ది రూపాయల బిళ్ళ మార్చుటకు మారుగా "ఈ కంప్యూటరుపై సైట్లు తెరచుకొనుట లేదు" అని క్రొత్త యంత్రమునకు కొటేషనులు పిలుచుట యెంతటి వ్యర్థమో పాఠకులే యూహింపగలరు.

యంత్రము బాగుపడిన పిదప దానికి తగిన సాఫ్టువేరు కావలెను. విండోస్ 11 మోయలేని కంప్యూటరు లినక్సును సుఖముగా మోయును. లినక్సు ఉచితముగా లభించును, సవరణలును ఉచితమే. భారత ప్రభుత్వ సంస్థయైన సి-డాక్ వారు చెన్నైలో సిద్ధపరచిన బాస్ అను లినక్సు 2007 నుండి కలదు. అందు తెలుగును వాడుకొనవచ్చును. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు తెలుగు ముఖముతో లినక్సును తీర్చుటకు కృషి చేసిరి. కేరళ ప్రభుత్వ పాఠశాలల పిల్లలు ఏండ్ల తరబడి లినక్సుపైననే చదువుచున్నారు. పిల్లలు నేర్చినదానిని మన గుమాస్తాలు నేర్వలేరనుట నమ్మదగినది కాదు. ఒక్క హెచ్చరిక: 32 బిట్ల ప్రాసెసరు గల మరీ పాతవానికి ఈ ద్వారమును మూతబడుచున్నది. 2025 ఆగస్టు 9న వెలువడిన డెబియన్ 13లో వానికి ఇన్‌స్టాలరు లేదు. 64 బిట్లదా, 32 బిట్లదా యని ముందే చూచుకొనవలెను.

"మా పని విండోసులేక జరుగదు" అందురు. కొంతవరకు నిజము. కాని నేడు రైతు పనులలో పెక్కు బ్రౌజరులో జరుగునవే. మీసేవ యట్టిదే, 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానమున వచ్చిన భూభారతి యట్టిదే. 2022 జూన్ 29న కేంద్ర మంత్రివర్గము 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల కంప్యూటరీకరణకు రూ. 2,516 కోట్ల పథకము నామోదించినప్పుడును, ఉమ్మడి సాఫ్టువేరు దూరపు సర్వర్లపై నుండునట్లే తలపెట్టిరి. లెక్క అక్కడ జరుగును. మన బల్లపై యంత్రము కిటికీ వంటిది. కిటికీ శుభ్రముగా నుండి, బ్రౌజరు క్రొత్తదైనచో చాలును.

చిక్కంతయు పక్కన తగిలించు పరికరములతో వచ్చును. వ్రేలిముద్ర యంత్రము, సంతకపు టోకెను, పాసుపుస్తకములు ముద్రించు డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు - వీనికి లినక్సు డ్రైవరు కలదో లేదో అమ్మినవారిని అడిగి తెలిసికొనవలెను. లేనిచో ఆ పనికి ఒక క్రొత్త యంత్రము నుంచి, తక్కినవానిని లినక్సునకు మార్చవచ్చును. దీనికి రెండవ పక్కయు గలదు. పాత ప్రింటర్లు కొన్ని వెడల్పాటి సమాంతర పోర్టునకు తగులునట్టివి. నేటి కంప్యూటర్లలో పెక్కింటికి ఆ పోర్టు లేదు. కంప్యూటరు మార్చినవారు ప్రింటరును సయితము మార్చవలసి వచ్చి, తీర్మానించిన మొత్తము చాలక రెండవ తీర్మానము వ్రాయుదురు. లినక్సును డిస్కుపై నెక్కింపకయే పెన్‌డ్రైవునుండి నడిపి చూడవచ్చును. ఒక దినము అట్లు నడిపి, రసీదు ముద్రించి, సంతకము పెట్టి చూచిన తరువాతనే నిర్ణయింపవలెను.

తెలుగు కాగితముల సంగతి వేరు. వెనుకటి మినిట్సు, నోటీసులు, సభ్యుల జాబితాలు అను ఫాంట్లలో టైపు చేయబడినవి పెక్కు సంఘములలో నుండవచ్చును. ఆ పద్ధతిలో తెలుగు అక్షరములు ఇంగ్లీషు గుర్తుల స్థానములలో కూర్చుండును. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరచినచో అర్థములేని గుర్తుల గుంపు కనబడును. యూనికోడు పద్ధతిలో తెలుగునకు తన స్థానములు తనకే గలవు. ఏ కంప్యూటరునందైనను చదువనగును. పోతనామాత్యుడు వసించెనని మన ప్రాంతమువారు చెప్పుకొను బమ్మెర పాలకుర్తి మండలములో మనకు సమీపముననే యున్నది. ఆ మహాకవి పేర పోతన 2000 అను యూనికోడు ఫాంటును దేశికాచార్యులవారు నిర్మించి స్వేచ్ఛగా వాడుకొనుటకు విడిచిరి. పాత ఫైళ్లన్నిటిని యూనికోడునకు మార్చి, కాగితముపై నున్న ప్రతితో సరిచూచువరకు పాత కంప్యూటరు నొకదానిని, ఇంటర్నెట్టు తీగ పీకివేసి, ఉన్నదున్నట్లుగా నుంచుకొనవలెను. ఎక్స్.పి. కంప్యూటరునకు నేడు చేయదగిన పని యిది. సభ్యుని అప్పు తీరినదా లేదా యను వివాదము వచ్చిన నాడు ఆ పాత మినిట్సే సాక్ష్యము.

అన్నియు నిలుపదగినవని మేము చెప్పుట లేదు. మదర్‌బోర్డుపై కెపాసిటర్లు ఉబ్బినవి, ర్యాము 2 జి.బి.కి మించి పట్టనివి, అడిగిన విడిభాగము దొరకనివి వదలివేయుటయే మంచిది. వదలునప్పుడు డిస్కును బయటికి దీసి, పూర్తిగా చెరిపియో పగులగొట్టియో యుంచవలెను. ఫైళ్లను డిలీటు చేసినంతమాత్రమున అవి పోవు. పాతసామానులవానికి డిస్కుతో సహా అమ్ముట సభ్యుల ఆధారు సంఖ్యలను తూకమునకు వేయుటయే. 2022 నాటి ఇ-వేస్టు నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినవి. వాని ప్రకారము నమోదైన రీసైక్లర్లకే వీనిని చేర్చవలెను. పాత గాజు మానిటర్లలో సీసము గలదు. రాగి కొరకు తీగలను కాల్చు పొగ ఊరి పిల్లల ఊపిరిలోనికే పోవును.

వచ్చు మహాజనసభకు ముందుగా ప్రతి సంఘమును ఒక చిన్న రిజిస్టరు సిద్ధపరుపవలెనని కోరుచున్నాము. అందు కంప్యూటరు కొన్న సంవత్సరము, ప్రాసెసరు తరము, ర్యాము, డిస్కు రకము, విండోసు సంఖ్య, తగిలించిన పరికరములు, చివరి బ్యాకప్పు తేదీ వ్రాసి, ఆఖరి గడిలో "బాగుచేయుట, లినక్సు, వదలుట" అను మూడింటిలో నొకటి వ్రాసినచో చాలును. క్రొత్త కంప్యూటరునకు సొమ్మడుగు తీర్మానము వచ్చినప్పుడు సభ్యులు ఈ రిజిస్టరు చూపుమని యడుగవచ్చును. బ్యాకప్పు గడి ఖాళీగా నున్నచో తక్కినదంతయు పక్కన బెట్టి ఆ దినముననే దానిని పూరింపవలెను.