స్పీకర్ల అమరిక – శ్రవణ సౌలభ్యము

గోలకొండ కోటలో ఫతే దర్వాజా గుమ్మటము క్రింద చరచిన చప్పట్లు కొండమీది బాలాహిస్సారులో వినిపించుట మన ప్రాంతమువారందరు ఎరిగినదే. అచ్చట యంత్రమేదియు లేదు. ఉన్నది కట్టడపు నేర్పు, చోటు మహిమ. నేడు ఇంటికైనను, కళాశాలకైనను స్పీకర్లు కొనునపుడు ధరను గూర్చి పదిమందిని విచారింతుము. వాటిని ఎచ్చట నిలుపవలెనని మాత్రము అడుగము. ఖాళీగా కనబడిన మూలలోనో, బీరువా మీదనో పెట్టి ఊరకుందుము. మన చెవికి చేరునది స్పీకరు ధ్వని ఒక్కటే కాదు. గోడలు, కప్పు, నేల తిప్పి పంపిన ధ్వని కూడ దానితో కలిసి వచ్చును. చోటు తప్పినచో ఎంత విలువగల స్పీకరైనను తన గుణమును చూపజాలదు.

ఇందువలన నష్టపోవునది ఇంపు మాత్రమే కాదు, అర్థము కూడ. తెలుగులో సరము అనగా హారము, శరము అనగా బాణము. ఉర్దూలో 'సబ్' అనగా అందరు, 'షబ్' అనగా రాత్రి. ఈ భేదమును తెలుపు ఊష్మాక్షరముల శక్తి అధికభాగము సెకనుకు 2000 కంపనములకు పైననే ఉండును. అచ్చుల బలము చాలవరకు అంతకు క్రిందిది. మూలకు చేర్చి, ముఖము ప్రక్కకు త్రిప్పిన స్పీకరులో అచ్చులు ఉబ్బి, హల్లులు మరుగుపడును. అప్పుడు గజలులోగాని, పద్యములోగాని రాగము మిగులును, మాట మిగులదు.

దీనికి కారణము తరంగదైర్ఘ్యము. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పయనించును. 50 కంపనములుగల మంద్రస్వరపు తరంగము పొడవు దాదాపు 7 మీటర్లు. 5000 కంపనములుగల దానిది 7 సెంటీమీటర్లు. మొదటిది పెట్టెను చుట్టి నలుదిక్కుల వ్యాపించును. రెండవది టార్చిలైటు వెలుగువలె ముందుకే సాగును. కావున గోడలనుండి దూరము ముఖ్యముగా మంద్రస్వరములను, స్పీకరు ముఖము త్రిప్పిన కోణము హెచ్చుస్వరములను శాసించును.

మొదట దూరము. గోడకు చేరువైనకొలది మంద్రము పెరుగును; మూలలో మిక్కిలి పెరుగును. వెనుక గోడకు ఒక మీటరు ముందున్న స్పీకరు ధ్వని గోడను తాకి 2 మీటర్లు అధికముగా నడచివచ్చి, 85 కంపనముల వద్ద సూటి ధ్వనికి ఎదురై దానిని తగ్గించును. అందుచేత వెనుక గోడకు, ప్రక్క గోడకు దూరములు సమానముగా ఉండరాదు. శ్రోత కూడ వెనుక గోడకు ఆనుకొనియు, గది నట్టనడుమను కూర్చుండరాదు.

తరువాత రెండు స్పీకర్ల సంబంధము. లండనులో అలన్ బ్లమ్లైన్ అను ఇంజనీరు 1931లో పేటెంటుకై సమర్పించిన స్టీరియో పద్ధతిలో, రెండు స్పీకర్ల నడుమ ఏమియు లేని చోటనుండి గాయకుని కంఠము వినిపించును. ఇందుకు రెండు స్పీకర్లు, శ్రోత సమబాహు త్రిభుజమున మూడు శీర్షములుగా ఉండవలెను. శ్రోత ఒక స్పీకరుకు అడుగు దగ్గరైనచో ఆ ధ్వని సెకనులో సుమారు వెయ్యవవంతు ముందు చేరును. కంఠము ఆ ప్రక్కకే ఒరిగిపోవును. ముందు చేరిన ధ్వని దిక్కునే చెవి నమ్మునను విషయమును జర్మనీలో హెల్ముట్ హాస్ 1949 నాటి పరిశోధన విశదపరచినది.

ఇక కోణము. స్పీకర్లను నేరుగా ముందుకు చూపినచో ధ్వని విశాలముగా తోచును, కాని ప్రక్కగోడల పరావర్తనము హెచ్చును. శ్రోతవైపు త్రిప్పినచో అక్షరము స్పష్టమగును. అయితే ఇది ఒక్క కుర్చీకి కుదిరిన ఏర్పాటు. కళాశాల గదిలో ఒక కుర్చీ కాదు, బెంచీలు ఉన్నవి. అచ్చట స్పీకర్లను ఇంకను లోనికి త్రిప్పి, వాటి చూపులు మధ్య శ్రోతకు ముందే ఒకదానినొకటి దాటునట్లు అమర్చుట మేలు. అప్పుడు ఎడమ అంచున కూర్చున్నవానికి దగ్గరి స్పీకరు ధ్వని కొంత తగ్గి, కుడివైపు స్పీకరు సూటిగా చేరును. దగ్గర, దూరముల అసమానత కొంతవరకు సరిపడును. ఉపన్యాసము, పాత 78 తిరుగుళ్ల రికార్డు వంటి ఒకే మార్గపు ధ్వనికి మాత్రము ముందు మధ్యలో నిలిపిన ఒక్క స్పీకరే ఉత్తమము.

మరికొన్ని సులభ సూత్రములు. హెచ్చుస్వరముల చిన్న స్పీకరు కూర్చున్నవాని చెవి ఎత్తున, అనగా సుమారు ఒక మీటరున ఉండవలెను. శ్రోత కూర్చుండగా మరియొకరు ప్రక్కగోడ వెంట అద్దమును జరుపవలెను; అద్దములో స్పీకరు కనబడిన చోటనే తొలి పరావర్తనము కలుగును. అచ్చట మందపు జంపఖానాను వ్రేలాడదీసినను, పుస్తకముల అరను ఉంచినను మేలు. నడుమ వినిపింపవలసిన కంఠము చెదరి, మంద్రము పలుచనైనచో ఒక స్పీకరు తీగలు తారుమారైనవేమో చూడవలెను.

ఈ పనికి కావలసినవి కొలతల టేపు, సుద్దముక్క, అద్దము, ఒక పూట ఓపిక. విద్యార్థులు జానెడు జానెడుగా స్పీకరును జరుపుచు, తెలిసిన కంఠమును వినుచు, కుదిరిన చోట గుర్తు గీయవచ్చును. కమిటీ పెద్దలు క్రొత్త పరికరమునకు ధనము మంజూరు చేయుటకు ముందు ఒకసారి చివరి బెంచీ అంచున కూర్చుండి వినవలెనని మా విన్నపము. అచ్చటి విద్యార్థికి 'సబ్'కు, 'షబ్'కు భేదము తెలిసిన నాడే ఆ గది శ్రవణమునకు తగినదని చెప్పవచ్చును.