నాటు పాటా, నాచో పాటా?

"ఆర్.ఆర్.ఆర్." చిత్రం తయారైన విధమును చూపే "బిహైండ్ అండ్ బియాండ్" అనే డాక్యుమెంటరీ 2024 డిసెంబరులో వెలువడినది. అందులో మిగతా సంగతులు అటుంచి, "నాటు నాటు" పాటను గూర్చి నాలుగు మాటలు చెప్పాలని మా కోరిక.

2021 ఆగస్టులో ఉక్రెయిన్ రాజధాని కీవ్ నగరంలో, ఆ దేశాధ్యక్షుని మందిరమైన మరీన్‌స్కీ ప్రాసాదం ముందు ఈ పాట తీశారు. ఆరు నెలలు తిరిగేసరికి ఆ నగరం మీదనే బాంబులు పడ్డాయి. అది తెలిసి చూస్తే ఆ నీలి గోడల ముందు లేచిన దుమ్ము మరొక విధంగా కనబడుతుంది. ఇద్దరు నటుల కాళ్లూ ఒక్క కాలివలె కదలాలని దర్శకుడు రాజమౌళి పట్టిన పట్టు, ప్రేమ్ రక్షిత్ కూర్చిన అడుగులు, సాంచాల మీద పని చేసేవారికి వింత కాదు. ఒక్క పోగు తెగినా గుడ్డ మీద గీత పడుతుంది గదా!

మాకు మాత్రం అడుగులకన్న మాటల మీదనే మక్కువ. రచయిత చంద్రబోస్ ఓరుగల్లు ప్రాంతపు చల్లగరిగెవాడు. తొంభై పాళ్లు పాట ఒక్క పూటలో వచ్చినదనీ, తక్కిన పది పాళ్లకు 19 నెలలు పట్టినదనీ ఆయనే చెప్పారు. పొలం దుమ్ము, పోలేరమ్మ జాతర, కర్రసాము, జొన్నరొట్టె, మిరప తొక్కు, ఇవన్నీ కరీంనగరం, నల్లగొండ, ఓరుగల్లు జిల్లాల నుంచి మగ్గం విడిచి వచ్చిన మన తాతలు ఎరిగినవే. (పోలేరమ్మను మనవైపు పోచమ్మ అంటారు, అంతే తేడా.) కీరవాణి వేసిన తిశ్రపు నడక కూడా ఆ ఊళ్లదే. సాంచా మోత రెండేసి దెబ్బలది, ఈ పాట మూడేసి దెబ్బలది. షెడ్డులో ఏ పాటా వినబడదు, అది వేరే మాట.

అయితే భివండిలో మన పిల్లలు దీనిని ఎట్లా పాడుతున్నారు? హిందీలో, "నాచో నాచో" అని. బడి మరాఠీ, వీధి హిందీ. వారి తప్పేమీ లేదు. కాని 'నాచో' అంటే ఆడండి అని ఆజ్ఞ. 'నాటు' అంటే ఆట కానే కాదు. మన నేలది, మొరటుది, కల్తీ లేనిది. నాటుకోడి, నాటువైద్యం అన్నప్పటి నాటు. మీకేమి నాట్యం వచ్చునని తెల్లదొర వెక్కిరించినప్పుడు, ఆ మాటే అతనికి జవాబు. హిందీలో ఆ జవాబు జారిపోయినది.

2023 మార్చి 12న ఆస్కార్ అందుకున్నది తెలుగు మాటల పాటే. ఆనాడు వేదిక మీద కీరవాణి తన కృతజ్ఞతను, అమెరికా వారి కార్పెంటర్స్ బృందం 1970ల నాటి పాట వరుసలో పాడి చెప్పారు. రిచర్డ్ కార్పెంటర్ తన కుటుంబంతో కలిసి పాడి అభినందన పంపారు. పరదేశపు పాట వింటూ పెరిగినాయనకు తెలుగు పాట దూరం కాలేదు. మరాఠీ గడ్డ మీద పెరిగే మన పిల్లలకు మాత్రం ఎందుకు కావాలి?

మా ఇంట ఇప్పుడు తెలుగుదే వేస్తున్నాము. పోతరాజు ఎవరని పిల్లలు అడిగారు, చెప్పాము. పాటలో వచ్చే కిర్రు చెప్పులు ఏమిటన్నారు. బజారుకు తీసుకుపోయి కొల్హాపురి చెప్పులు తొడిగించాము. అవీ కిర్రుమంటాయి.