జ్ఞాపకానికి ఒక అట్టముక్క

అగ్గిపెట్టెల మీది బొమ్మలు, తెగిన సినిమా రీలు ముక్కలు, బబుల్‌గమ్ పొట్లాల్లో వచ్చే క్రికెట్ ఆటగాళ్ళ ఫోటోలు - వీటిలో ఏదో ఒకటి దాచుకోకుండా పెద్దయినవాళ్ళు మనలో తక్కువ. అమెరికా పిల్లలకి బేస్‌బాల్ కార్డు అలాంటిదే. వందేళ్ళ పైబడిన సరదా ఇది. మొదట్లో సిగరెట్ పెట్టెల్లో పెట్టి ఇచ్చేవారు, తర్వాత బబుల్‌గమ్‌తో ఇచ్చారు. టాప్స్ కంపెనీ 1957లో ఖాయం చేసిన రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల పొడుగు ఈ రోజుకీ మారలేదు. ముందువైపు ఆటగాడి బొమ్మ, వెనకవైపు లెక్కలు.

మన ఇళ్ళలో వీటి గురించి రెండు మాటలే వినిపిస్తాయి. "అట్టముక్కకి అంత డబ్బా?" అన్నది ఒకటి. "దాచిపెడితే రేపు లక్షలవుతుందట" అన్నది రెండోది. ఈ రెంటికీ సంబంధం లేని మూడో కారణం ఒకటుంది. కళ్ళారా చూసిన ఒక క్షణాన్ని దగ్గర ఉంచుకోవడం. నేను చెప్పబోయేది దాని గురించి.

2024 అక్టోబర్ 25, శుక్రవారం. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కీ న్యూయార్క్ యాంకీస్‌కీ వరల్డ్ సిరీస్ మొదటి ఆట. తొమ్మిది ఇన్నింగ్సులకీ తేలక పదో ఇన్నింగ్సుకి వెళ్ళింది. యాంకీస్ 3-2తో ముందున్నారు. డాడ్జర్స్‌కి ఇద్దరు అవుటయ్యారు, ఇంకొక్కరు అవుటైతే ఆట అయిపోయినట్టే. మూడు బేసుల మీదా మనుషులున్నారు. అప్పుడొచ్చాడు ఫ్రెడ్డీ ఫ్రీమన్, బెణికిన చీలమండతో. నెస్టర్ కోర్టెస్ వేసిన మొదటి బంతినే స్టాండ్స్‌లోకి కొట్టాడు. నలుగురూ ఇంటికి చేరారు, 6-3. బేసులు నిండి ఉండగా కొట్టే హోమ్ రన్‌ని గ్రాండ్ స్లామ్ అంటారు. వరల్డ్ సిరీస్ చరిత్రలో గ్రాండ్ స్లామ్‌తో ఆట అక్కడికక్కడే ముగియడం అదే మొదటిసారి. 1988లో ఇదే మైదానంలో, ఇదే మొదటి ఆటలో, కాళ్ళు నొప్పులతో నిలబడలేని కర్క్ గిబ్సన్ కొట్టిన హోమ్ రన్ అందరికీ గుర్తొచ్చింది. బేసులన్నీ చుట్టివచ్చాక ఫ్రీమన్ తిన్నగా వల దగ్గరికి పరిగెత్తి, అవతలనున్న తండ్రి చేతులు పట్టుకున్నాడు. చిన్నప్పటినుంచీ రోజూ బంతులు వేసి అతనికి ఆట నేర్పింది ఆ తండ్రే.

మేముండేది న్యూజెర్సీలో. పదకొండేళ్ళ మావాడు యాంకీస్ భక్తుడు. అప్పుడు తెనాలి నుంచి వచ్చి మా దగ్గరున్న నాన్నగారికి ఆ ఆటంతా వాడే వచ్చీరాని తెలుగులో చెప్పుకొచ్చాడు. బంతి గాల్లోకి లేవగానే వాడు మొహం కప్పుకున్నాడు. నాన్నగారు మాత్రం "ఏడవకు నాన్నా, అటు చూడు. కుంటుకుంటూ వాళ్ళ నాన్న దగ్గరికే వెళ్ళాడు" అన్నారు. మర్నాడు మావాడు నన్నడిగింది సరిగ్గా ఆ క్షణం ఉన్న కార్డు. "మీవాళ్ళు ఓడిపోయిన ఆట కదరా?" అన్నాను. "తాతయ్య చూసింది అదే కదా" అన్నాడు.

ఇలాంటి కార్డు కొనేటప్పుడు ముందు తెలుసుకోవలసింది ఒకటుంది. ఆటగాడి మామూలు కార్డులో మీరు చూసిన ఆట ఉండదు. ఆ బొమ్మ ఎప్పుడో తీసినది కావచ్చు. ఆ క్షణమే కావాలంటే రెండు దారులు. వరల్డ్ సిరీస్ ఘట్టాలని కొన్నిసార్లు మరుసటి ఏడాది సెట్లలో వేస్తారు. అంతవరకూ ఆగలేనివాళ్ళకి 2016లో టాప్స్ కంపెనీ 'టాప్స్ నౌ' మొదలుపెట్టింది. నిన్నటి ఆట ఈ రోజు కార్డవుతుంది. మొదట్లో కార్డు 9 డాలర్ల 99 సెంట్లు, అమ్మకం 24 గంటలే. ఆ గడువులో ఎన్ని ఆర్డర్లు వస్తే అన్ని అచ్చువేసి, ఆ సంఖ్యని బయటపెట్టేవారు. గడువు దాటితే కార్డుల దుకాణాల్లోనో, ఈబేలోనో వెతుక్కోవాలి. అక్కడ కొనేముందు వెనకవైపు చదవండి. తేదీ, ఆట వివరం మీ జ్ఞాపకంతో సరిపోవాలి. అదే బొమ్మకి రంగు అంచులు, వరస నంబర్లు, సంతకాలు చేర్చి ఎన్నో రెట్ల ధరకి అమ్ముతారు. జ్ఞాపకానికి అవి అక్కర్లేదు, మామూలుది చాలు.

ఇక లక్షల మాట. 1952 నాటి మికీ మాంటిల్ కార్డు ఒకటి 2022లో కోటీ ఇరవయ్యారు లక్షల డాలర్లకి అమ్ముడుపోయిన మాట నిజమే. అయితే అప్పట్లో అమ్ముడుపోని ఆ కార్డుల పెట్టెల్ని 1960లో కంపెనీయే సముద్రంలో పారబోయించింది. మిగిలినవి తక్కువ, చెక్కుచెదరకుండా మిగిలినవి మరీ తక్కువ. అందుకే ఆ ధర. 1980ల చివర్లో జనం పెట్టుబడి అనుకుని పెట్టెలకి పెట్టెలు దాచిన కార్డులు చాలావరకు ఇప్పటికీ చిల్లరకే దొరుకుతాయి. అందరూ దాచినదానికి కొరత ఎక్కడిది? ఫ్రీమన్ కొట్టిన ఆ బంతి వేలంలో పదిహేను లక్షల డాలర్లు దాటింది. బంతి ఒక్కటే, కార్డులు వేలు. పిల్లల కాలేజీ ఖర్చులకి కార్డుల మీద ఆశ పెట్టుకోకండి.

దాచడం తేలిక. ముందు పల్చటి ప్లాస్టిక్ తొడుగు, దానిపైన గట్టి ప్లాస్టిక్ డిప్ప. ఎండ, తేమ తగలకూడదు. మూలలు నలగకూడదు. రబ్బరు బ్యాండు వేయకూడదు. కంపెనీకి పంపి పదికి ఇన్ని మార్కులని వేయించుకోవడం అమ్మదలచుకున్నవాళ్ళకే అవసరం.

మేం రెండు కార్డులు కొన్నాం. ఒకటి మావాడి బల్లమీద ఉంది, రెండోది నాన్నగారితో తెనాలి వెళ్ళి పంచాంగంలో ఉంది. ఆదివారం ఫోన్లో "బావున్నావా" తర్వాత వాళ్ళిద్దరికీ మాటలు దొరికేవి కావు. ఇప్పుడు "మీవాళ్ళు నెగ్గారా?" దగ్గర మొదలవుతుంది.

మీరూ కొంటే ఒక పని చెయ్యండి. కార్డు వెనక ఆట వివరాలుంటాయి గానీ, మీ ఇంట్లో ఎవరెవరు కూర్చుని చూశారో, ఎవరేమన్నారో ఉండదు. ఒక చిన్న కాగితం మీద అది తెలుగులో రాసి, కార్డుతో పాటు ఆ డిప్పలోనే పెట్టండి. కార్డు మీద మాత్రం రాయకండి.